విమానానికి ఏ పెట్టె కొనాలి? మా ఆరుగురి అనుభవం

పోస్టు పెద్దదే. ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోకముందే తెరిచి పెట్టుకోండి.

మొన్న మన ఊరి వైపు తమ్ముడొకడు ఫోన్ చేసి, "అక్కా, మొదటిసారి ఫ్లైట్ ఎక్కుతున్నాను, ఏ బ్యాగ్ కొనాలి?" అని అడిగాడు. పక్కనున్న సీనియర్ ఒకరు "ఏదైనా ఒకటేలే" అనేశారు. ఏదైనా ఒకటి కాదు. ఆ సంగతి మాకు పదమూడు వందల రూపాయలు, ఆరు చీరలు, ఒక సీసా తేనె పోగొట్టుకున్నాక తెలిసింది. అదే రాస్తున్నాం. "మేము" అంటే ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉండే ఆరుగురం. అందరికీ ఇరవై ఏళ్ళు, అటూ ఇటూగా. మా ఆరు ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. విమానం అంటే కొండ మీద పశువులు కాసేటప్పుడు తలెత్తి చూసిందే తప్ప, దానిలోకి సామాను ఎలా వెళ్తుందో ఎవరూ చెప్పలేదు.

కిందటి డిసెంబరులో ఢిల్లీలో ఆదివాసీ యువతీ యువకుల కార్యక్రమానికి మా కాలేజీ నుంచి థింసా ఆడడానికి మమ్మల్ని పంపించారు. మిగతా డాన్సర్లు వేరే కాలేజీల వాళ్ళు. వాయిద్యాల వాళ్ళు రెండు రోజుల ముందే రైల్లో బయల్దేరారు. మాకేమో పరీక్షలు ఉన్నాయని విమానం టికెట్లు తీశారు. టికెట్టు ప్రింటు మీద 15 కిలోలు, 7 కిలోలు అని రెండు అంకెలు ఉన్నాయి. పెద్ద సామాను 15 కిలోలు, అది వాళ్ళకి అప్పగించాలి. 7 కిలోలది మన చేతిలో ఉంచుకోవచ్చు. ఈ ముక్క అర్థం కావడానికే మాకు ఒక సాయంత్రం పట్టింది.

మా దగ్గర ఉన్న సామాను పెట్టె అంటే ఏముంది? ట్రంకు పెట్టె. ఆశ్రమ పాఠశాలలో చదివిన వాళ్ళెవరికీ దాని గురించి చెప్పక్కర్లేదు. మూత మీద పెయింటుతో పేరు, తరగతి. లోపల సబ్బు, కొబ్బరినూనె సీసా, రెండు జతల బట్టలు, అమ్మ పెట్టిన చోడి ఉండలు. దాని మీదే కూర్చున్నాం, దాని మీదే నోటుబుక్కు పెట్టి రాశాం, ఏడుపొచ్చినప్పుడు దాని మీదే తల పెట్టి పడుకున్నాం. మాలో ఒకామె పెట్టెని వాళ్ళ నాన్న కావిడికి ఒక వైపు కట్టి, రెండో వైపు బరువు సరిపోవడానికి రాళ్ళ సంచి కట్టి మోసుకొచ్చాడట. పదేళ్ళయింది, ఆ పెట్టెకి ఒక చిన్న సొట్ట తప్ప ఏమీ కాలేదు. అందుకే మాకు గట్టిదనం అంటే ట్రంకే.

"ట్రంకే పట్టుకెళ్దామే" అంది ఆమె. వంటగదిలో బియ్యం తూచే కాటా మీద పెట్టి చూశాం. ఖాళీ పెట్టే ఆరు కిలోల పైన తూగింది. పదిహేనులో ఆరు దానికే పోతే ఇంక గజ్జెలు, చీరలు, స్వెట్టర్లు ఎక్కడ పెట్టాలి? వంటక్క నవ్వింది. "పెట్టె కోసం మీరా, మీ కోసం పెట్టా?" అంది.

అలా పూర్ణా మార్కెట్టుకి వెళ్ళాం. ఒక షాపులో గులాబీ రంగు పెట్టె, నాలుగు చక్రాలు, అద్దంలా మెరుస్తోంది. మూత మీద విమానం బొమ్మ కూడా ఉంది. రెండు వేల రెండు వందలు చెప్పాడు. బేరమాడి, రెండుసార్లు బయటికొచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళి, పదమూడు వందలకి తెచ్చుకున్నాం. కాస్మెటిక్ చార్జీల డబ్బుల్లోంచి తలో కొంత వేసుకున్నాం. మేము చూసినవి మూడే: రంగు, మెరుపు, షాపులో నున్నటి టైల్స్ మీద అది జారిన తీరు. ఎంత తేలిగ్గా ఉందో చూసి మురిసిపోయాం. ఎందుకంత తేలిగ్గా ఉందో మాత్రం ఆలోచించలేదు.

ఆరు చీరలూ దానిలోనే పెట్టాం, మంచి పెట్టె కదా అని. మిగతా సామాను ఒకామె వాళ్ళ నాన్న సంచిలో పెట్టాం. ఆయన ఒకప్పుడు చెన్నైలో బిల్డింగు పనికి వెళ్ళి తెచ్చుకున్నది. కేన్వాస్ గుడ్డ, రంగు వెలిసిపోయింది, చక్రాల్లేవు, జిప్పు మాత్రం వేలంత లావు. అది పట్టుకుని ఎయిర్‌పోర్టుకి రావడానికి ఆమెకి సిగ్గేసింది. గులాబీ పెట్టె పక్కన అది కనపడకుండా కాలితో వెనక్కి నెట్టుకుంటూ నిలబడింది. అది మేమందరం చూశాం, ఎవరమూ ఏమీ అనలేదు.

ఇక్కడ తేనె సంగతి చెప్పాలి. మాలో ఒకరి నాయనమ్మ కొండ తేనె పంపింది. "అంత దూరం పోతన్నారు, ఒట్టి సేతుల్తో ఎల్తారా?" అంది. మన ఊళ్ళల్లో తేనె దేనిలో పోస్తారో మీకు తెలుసు. ఖాళీ అయిన బ్రాందీ సీసాలో. లేబుల్ కూడా తియ్యలేదు. చీరల మధ్యలో మెత్తగా చుట్టి పెట్టాం.

విశాఖ ఎయిర్‌పోర్టులో సామాను అప్పగించి హమ్మయ్య అనుకున్నామో లేదో, మమ్మల్ని పేరు పెట్టి పిలిచారు. గుండె ఆగినంత పనైంది. పెట్టె తెరవమన్నారు. సంగతేంటంటే లోపల పవర్ బ్యాంకు ఉంది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పవర్ బ్యాంకు ఎప్పుడూ పెద్ద సామానులో పెట్టకండి, చేతి సంచిలోనే ఉండాలి. అది వేడెక్కి అంటుకుంటే సామాను గదిలో ఆర్పేవాళ్ళు ఉండరు, అందుకు. వంద వాట్ అవర్ల లోపు ఉంటే చేతిలో తీసుకెళ్ళొచ్చు. మామూలుగా మనం కొనే ఇరవై వేల ఎంఏహెచ్ ది డెబ్బై నాలుగు దాకా వస్తుంది, కాబట్టి భయం లేదు.

పవర్ బ్యాంకు తీస్తుంటే బ్రాందీ సీసా బయటపడింది. ఆ అధికారి మా ముఖాలు చూశాడు. ఆరుగురు ఆడపిల్లలు, వెనక మేడమ్. "తేనె సార్, తేనె సార్" అని ఆరు గొంతులతో ఒకేసారి అన్నాం. మూత తీసి వాసన చూశాడు, నవ్వాడు, మళ్ళీ మూత పెట్టాడు. ఎంత గట్టిగా పెట్టాడో మేము చూసుకోలేదు. మా హడావిడి మాది.

(చేతి సంచిలో గజ్జెలు, కాలి అందెలు ఉన్నాయి. స్కానర్‌లో అవి ఎలా కనపడ్డాయో ఏమో, అక్కడా సంచి విప్పించారు. డాన్స్ కోసమని చెబితే తనిఖీ చేసే అక్క ఒక గజ్జె తీసి ఒకసారి ఆడించి చూసి పంపించేసింది. మెటల్ సామాను ఉంటే పైనే పెట్టుకోండి, విప్పడం తేలిక.)

విమానం గురించి రాయను. చెవులు మూసుకుపోయాయి, కిటికీ కోసం గొడవ పడ్డాం, అంతే.

ఢిల్లీలో దిగాక బెల్టు దగ్గర నిలబడ్డాం. ముందు వచ్చింది నాన్న సంచి. ఎలా ఇచ్చామో అలాగే వచ్చింది, కొంచెం దుమ్ముతో. తర్వాత చాలాసేపటికి గులాబీ పెట్టె వచ్చింది. పడుకుని వచ్చింది. ఒక మూల నలిగి చీలిపోయి ఉంది, ఒక చక్రం లేదు. చీలికలోంచి ఏదో కారుతోంది. తేనె వాసన మాకంటే ముందు పక్కన నిలబడ్డ వాళ్ళకి వచ్చింది. సీసా పగల్లేదు. పెట్టె మూల లోపలికి నొక్కుకుని సీసా మెడ మీద పడి మూత ఊడినట్టుంది.

అప్పుడు మేము ఏం చేశామో చెప్పడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది. ఒకామె చున్నీ తీసి బెల్టు తుడిచింది. బెల్టు పాడు చేశామని ఫైన్ వేస్తారేమో అని భయం. మిగతావాళ్ళం పెట్టెని నాలుగు వైపులా కమ్ముకుని, ఎవరూ చూడకముందే తోసుకుంటూ బయటికి వచ్చేశాం. మా పెట్టె పగిలింది, తప్పు కూడా మాదే అనుకున్నాం. పక్కనే సామాను ఫిర్యాదుల కౌంటరు ఉంది. దాని ముందు నుంచే నడిచి వెళ్ళాం. ఆ బోర్డు మా కోసం కూడా పెట్టారని ఒక్కరికీ తట్టలేదు.

ఆ రాత్రి చీరలు ఉతకడం గురించి ఎక్కువ చెప్పను. చన్నీళ్ళకి తేనె వదలదు, ఇంకా గట్టిపడుతుంది. వసతిగృహం వంటాయనకి మా హిందీ అర్థం కాలేదు గానీ చీర చూపించగానే అర్థమైంది. రెండు బకెట్లు వేణ్ణీళ్ళు కాచి ఇచ్చాడు. ఫ్యాను కింద కుర్చీల మీద ఆరేశాం. పొద్దున తడి చీరలే కట్టుకుని ఆ చలిలో ఆడాం. చేతులు వెనక నుంచి ఒకరి నడుము ఒకరు పట్టుకుంటాం కదా, పక్కామె వణుకు మనకి తెలుస్తుంది. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. సీసాలో మిగిలిన సగం తేనె ఆ వంటాయనకే ఇచ్చి వచ్చాం.

తిరుగు ప్రయాణంలో పెట్టెకి తాడు కట్టి తీసుకెళ్ళాం. కౌంటరులో అమ్మాయి దాన్ని చూసి, ఒక ట్యాగు తీసి సంతకం పెట్టమంది. పెట్టె ముందే పగిలి ఉంది, ఇంక ఏమైనా అయితే మా బాధ్యత లేదు అని దాని అర్థం. సంతకం పెట్టేశాం. విమానంలో కూర్చున్నాక మాలో లా చదవాలనుకునే ఆమె అంది: "పగిలిన పెట్టె మనం ఇస్తే వాళ్ళు కాగితం రాయించుకున్నారు. మరి మంచి పెట్టె ఇస్తే పగిలింది ఇచ్చినప్పుడు మనం కాగితం ఎందుకు రాయించుకోలేదు?" ఆ ప్రశ్నకి ఎవరం మాట్లాడలేదు.

వచ్చాక ఆమె కూర్చుని చదివి మాకు చెప్పింది, మీకూ చెబుతున్నాం. సామాను దెబ్బతింటే హాల్లోంచి బయటికి రాకముందే ఆ కౌంటరులో చెప్పి రిపోర్టు రాయించుకోవాలి. దాన్ని పీఐఆర్ అంటారు. బోర్డింగ్ పాసుకి అంటించిన చిన్న స్టిక్కరు, దాని మీద నంబరు, అదే మీ రుజువు, పారెయ్యకండి. అక్కడ చెప్పలేకపోతే ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా పెట్టాలి. దేశం లోపల ప్రయాణాల్లో సామానుకి కంపెనీ బాధ్యత ఇరవై వేల రూపాయల దాకా ఉంటుంది. అది గరిష్ఠం, అంతా ఇస్తారని కాదు. చక్రం, హ్యాండిలు లాంటివి ఊడితే మామూలు అరుగుదలే అని తప్పించుకునే వీలు కూడా వాళ్ళ షరతుల్లో ఉంటుంది. మాకు ఇదంతా తెలిసేసరికి పన్నెండో రోజు.

సరే, పెట్టెని బాగు చేయిద్దామని జగదాంబ వైపు సందులో బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం. అసలు పోస్టు ఇక్కడి నుంచి మొదలవ్వాలి. పెట్టెల గురించి మాకు తెలిసిందంతా ఆ చిన్న బడ్డీలో నేర్చుకున్నదే. ఆయన మా పెట్టె చూసి ముట్టుకోలేదు కూడా. "దీనికి పెట్టే డబ్బులు నాకొద్దు తల్లీ, మీకూ వద్దు" అన్నాడు. మేము నిలబడే ఉన్నాం. "బాబాయ్, మరి దేన్ని కొనాలి?" అని అడిగాం. ఆయనకి ఆ మధ్యాహ్నం పని తక్కువుంది, మా అదృష్టం.

"కొత్తవి అమ్మేవోణ్ణి అడిగితే కొత్తవి సెప్తాడు. ఏవి ఇరుగుతాయో నన్నడగండి" అని బడ్డీ వెనక కుప్పలోంచి ఒక్కొక్కటీ తీసి చూపించాడు. ముందు చక్రాలు. ఆయన దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ నాలుగు చక్రాల పెట్టెలే. నాలుగూ కింద నుంచి కాళ్ళలా బయటికి పొడుచుకుని ఉంటాయి. పెట్టె కింద పడినా, ఎత్తి వేసినా దెబ్బ మొదట వాటికే తగులుతుంది. రెండు చక్రాల పెట్టెలో చక్రాలు సగం లోపలికి కూర్చుని ఉంటాయి, మూల వాటిని కాపాడుతుంది. నాలుగు చక్రాలది నున్నటి నేల మీద పక్కపక్కనే దొర్లించుకోవడానికి బాగుంటుంది. "మీ ఊళ్ళో నున్నటి నేలుందా?" అన్నాడు. ఇంకోటి, చక్రం స్క్రూతో బిగించి ఉందా, రివిట్ కొట్టి ఉందా చూడాలి. స్క్రూ అయితే ఊడదీసి కొత్తది వెయ్యొచ్చు. రివిట్ అయితే డ్రిల్లు పెట్టి తియ్యాలి, ఆ రంధ్రం మళ్ళీ పట్టు ఇవ్వదు.

తర్వాత హ్యాండిలు. పైకి లాగే గొట్టాన్ని పూర్తిగా లాగి, అటూ ఇటూ ఊపి చూడమన్నాడు. కొంచెం ఆడడం సహజమే, దోసకాయ తీగలా ఊగితే వద్దు. పక్కన పట్టుకునే పిడి ఇంకా ముఖ్యమట. ఎయిర్‌పోర్టులో కూలీలు ఎత్తేది దాన్ని పట్టుకునే. ఆ పిడి లోపల ప్లేటుకి బిగించారా, ఉత్త గుడ్డకి కుట్టారా అన్నది లోపలి లైనింగు జిప్పు తీసి చూస్తే తెలుస్తుంది. షాపు వాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

గట్టి పెట్టెల్లో మూడు రకాల ప్లాస్టిక్. ఏబీఎస్ అనేది చవక, బిరుసు. మెరుపు బాగా వస్తుంది, దెబ్బ తగిలితే చీలుతుంది. మాది అదే. పాలికార్బొనేట్ వంగి మళ్ళీ లేస్తుంది, ధర ఎక్కువ. పాలీప్రొపిలీన్ అంటే మనం వాడే ప్లాస్టిక్ కుర్చీల జాతి, గట్టిది. ఆయన రెండు పెట్టెలు పక్కన పెట్టి బొటనవేలితో మధ్యలో నొక్కమన్నాడు. ఒకటి నొక్కుకుని టప్పున పైకి లేచింది. మాది కిర్రుమంది. అంత తేడా. చవక వాటిలో ఏబీఎస్ మీద పైపూతగా పాలికార్బొనేట్ వేసి పేరు మాత్రం పెద్దది రాస్తారు, స్టిక్కరు మొత్తం చదవమన్నాడు.

గుడ్డ సంచుల్లో నైలాను, పాలియెస్టరు ఉంటాయి. పక్కన 600డి, 1200డి, 1680డి అని అంకె ఉంటుంది. అది డెనియర్. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. దారం లావు పెరిగితే అంకె పెరుగుతుంది. అలాగని అంకె ఒక్కటే చూడకూడదు. ఒకే అంకె ఉన్నా పాలియెస్టరు కంటే నైలాను ఎక్కువ రాపిడికి ఆగుతుంది. కుట్టు ఒక వరుసా రెండు వరుసలా, మూలల్లో పైపింగు ఉందా అన్నది వేలితో తడిమి చూసుకోవాలి.

జిప్పు దగ్గర ఆయన మాకు గారడీ చూపించాడు. మూసి తాళం వేసిన పెట్టె జిప్పులో బాల్‌పెన్ను ముక్కు గుచ్చి లాగాడు, పెట్టె తెరుచుకుంది. మళ్ళీ తాళం ఉన్న రన్నర్‌ని అటూ ఇటూ జరిపాడు, ఏమీ జరగనట్టు మూసుకుంది. కాబట్టి జిప్పు పెట్టెకి తాళం వేసినంత మాత్రాన లోపల బంగారం పెట్టకండి (ఉంటే). జిప్పు వెడల్పు ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. రన్నరు వెనక చూస్తే 5, 8, 10 అని అంకె ఉంటుంది, పెద్ద సంచికి 8 కానీ 10 కానీ ఉంటే మంచిది. వైకేకే అని అక్షరాలుంటే అది జపాన్ కంపెనీ జిప్పు, మన్నుతుంది. ఆ నాన్న సంచి గుర్తొచ్చి మర్నాడు దాని రన్నరు తిప్పి చూశాం. 10 అని ఉంది. ఆ సంచి యజమానురాలు ఆ రోజంతా మాతో గొప్పగా మాట్లాడింది. ఆమెకి ఆ హక్కు ఉంది.

ఈ చక్రాల గురించి తర్వాత చదివితే ఇంకో ఆశ్చర్యం. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. సూట్‌కేసుకి చక్రాలు పెట్టే ఆలోచనకి అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయనకి పేటెంటు వచ్చింది 1972లో. నిలబెట్టి, పొడుగు పిడితో లాగే రెండు చక్రాల పెట్టెని రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ 1987లో తయారు చేశాడు. అంతవరకూ చక్రం తెలియదా? తెలుసు. పెట్టెలున్న వాళ్ళకి మోసే కూలీలు ఉండేవాళ్ళు, అందుకే అవసరం కనపడలేదని మా అనుమానం. డోలీలో మనుషుల్ని మోసిన ఇళ్ళ నుంచి వచ్చాం కాబట్టి మాకు ఇలాంటి అనుమానాలే వస్తాయి.

రెండో పెట్టె కొనాల్సిన అవసరం మార్చిలో వచ్చింది. మా సీనియర్ అక్క ఒకామె నర్సింగ్ పూర్తి చేసింది. బెంగళూరులో ఇంటర్వ్యూకి పిలిచారు, టికెట్టు వాళ్ళే తీశారు. అక్క దగ్గర ట్రంకు తప్ప ఏమీ లేదు. మేము ఆరుగురం, అక్క, ఇంకో ఇద్దరు కలిసి డబ్బులేసుకుని ఒక పెట్టె కొనాలనుకున్నాం. ఎవరికి ప్రయాణం పడితే వాళ్ళు వాడుకోవాలి. తొమ్మిది మంది డబ్బు కాబట్టి ఈసారి తొందర పడలేదు. మూడు ఆదివారాలు షాపులు తిరిగాం. వేలితో నొక్కాం, హ్యాండిళ్ళు ఊపాం, లైనింగులు తీశాం. ఒక షాపు ఆయన "కొంటారా, పరీక్షలు పెడతారా?" అన్నాడు.

మాలో మాకు పెద్ద గొడవే జరిగింది. సగం మంది పాలీప్రొపిలీన్ గట్టి పెట్టె అన్నారు: వాన లోపలికి రాదు, సీసా ఉన్నా నలగదు, ఎలక కొరకదు. సగం మంది గుడ్డదే అన్నారు: తేలిక, నింపినప్పుడు సర్దుకుంటుంది, చిరిగితే దబ్బనంతో మనమే కుట్టుకోవచ్చు. ప్లాస్టిక్ చీలితే ఎవరు కుడతారు? తేల్చింది వంటక్క. "మెయిన్ రోడ్డు కాడ బస్సు దిగాక మీ ఊరికి ఎంత దూరం?" అంది. మూడు కిలోమీటర్లు, సగం ఎక్కుడు, మధ్యలో గెడ్డ. "మరి నెత్తినెట్టుకోవాల కదా. ఏది నెత్తి మీద కూకుంటాది?"

దాంతో తర్వాతి ఆదివారం షాపులో పెట్టెల్ని నెత్తిన పెట్టుకుని నడిచి చూశాం. నిజంగా. నాలుగు చక్రాల గట్టి పెట్టె ఏ వైపు పెట్టినా జారుతుంది, చక్రాలు మెడకి గుచ్చుకుంటాయి. రెండు చక్రాల గుడ్డ పెట్టెని వీపు వైపు తిప్పి చుట్టకుదురు మీద పెడితే కూర్చుంది. పక్క పిడి చేతికి అందింది. విమానం దానిలో ఉండేది రెండు గంటలు. మిగతా దారి మనది. కంపెనీల వాళ్ళు విమానాన్ని చూసి పెట్టెలు చేస్తారు గానీ గెడ్డని చూసి చెయ్యరు.

చివరికి కొన్నది 65 సెంటీమీటర్ల ఎత్తుది, ముదురు నీలం నైలాను, రెండు చక్రాలు, స్క్రూలు, 10 నంబరు జిప్పు. ఖాళీ బరువు మూడు కిలోలకి కొంచెం ఎక్కువ, కాబట్టి లోపల దాదాపు పన్నెండు కిలోలు పెట్టుకోవచ్చు. మూడు వేల ఒక వంద అయింది. కడుపు పెంచుకునే ఎక్స్‌పాండర్ జిప్పు ఉన్నది వద్దనుకున్నాం. ఉందంటే నింపుతాం, నింపితే బరువు దాటుతుంది, కుట్టు లాగుతుంది. చేతి సంచికి కొత్తది కొనలేదు, కాలేజీ బ్యాగే చాలు. చాలా కంపెనీలు 55, 35, 25 సెంటీమీటర్ల లోపు ఉండాలంటాయి, స్కేలుతో కొలుచుకోండి, టికెట్టు మీద ఏముందో అదే లెక్క. వాన కోసం లోపల మొత్తానికి ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు వేసి దానిలో బట్టలు పెడుతున్నాం. గట్టి పెట్టె వైపు మాట్లాడిన వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోలేదు. తొలి వానకి చూద్దాం అంటున్నారు.

ఇంకొన్ని చిన్న విషయాలు, తోచిన వరసలో. పాత ప్రయాణం ట్యాగులు, బార్‌కోడ్ స్టిక్కర్లు అన్నీ పీకెయ్యండి, లేకపోతే మెషిన్ తికమకపడి పెట్టె ఇంకెక్కడికో పోవచ్చు. పేరు, ఫోన్ నంబరు కాగితం బయట ఒకటి, లోపల ఒకటి పెట్టండి, బయటది చిరిగిపోతుంది. అప్పగించే ముందు నాలుగు వైపులా ఫోటో తియ్యండి, తెరిచి లోపలిది కూడా. నీలం పెట్టెలు బెల్టు మీద పది వస్తాయి, అందుకే మేము పిడికి పాత చీర అంచు కట్టాం. ఎండుకొబ్బరి పెట్టకండి, నూనె ఉంటుంది, మంట అంటుకుంటుందని తీయిస్తారు. పచ్చడి, కారం చేతి సంచిలో పెడితే ఆపేస్తారు, పెద్ద సామానులో పెట్టండి. తేనె కూడా అక్కడే, కానీ ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో వేసి, మధ్యలో పెట్టండి. సర్టిఫికెట్లు మాత్రం ఎప్పుడూ చేతి సంచిలోనే. అక్క ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు ఫైలు పెద్ద పెట్టెలో సర్దబోతే తొమ్మిది మందిమీ ఒకేసారి అరిచాం.

అక్కకి ఉద్యోగం వచ్చింది. పెట్టె ఆమెతోనే ఉంది. మొన్న వీడియో కాల్‌లో చక్రాలు చూపించింది, బాగానే ఉన్నాయి. ఒక పక్క నల్లటి గ్రీజు మరక పడింది, పోవట్లేదట. వచ్చే సెలవులకి తెచ్చి ఇక్కడ ఇచ్చేస్తానంది. గులాబీ పెట్టె మా గదిలోనే ఉంది, తాడుతోనే. దానిలో గజ్జెలు, అందెలు పెట్టుకుంటున్నాం. ఎండ బాగా పడిన రోజు ఇంకా కొంచెం తేనె వాసన వస్తుంది, చీమలు కూడా మర్చిపోలేదు.

నీలం పెట్టె వచ్చాక ఎవరికైనా విమానం ప్రయాణం ఉంటే చెప్పండి. మన పిల్లలైతే చాలు, కాలేజీ ఏదైనా పర్లేదు. డబ్బులేమీ అక్కర్లేదు. తీసుకెళ్ళిన వాళ్ళు చక్రాల మట్టి కడిగి, లోపల తుడిచి తిరిగివ్వాలి. తాళం చెవి వంటక్క దగ్గర ఉంటుంది. ఆమె ముందు పెట్టెని నెత్తిన పెట్టుకుని చూపించమంటుంది, అప్పుడే ఇస్తుంది.